తెల్లబట్టల ఉపదేశి

ఉపదేశి పోయాడని కబురు చెప్పగానే నేను చేసిన మొదటి పని మెడ కింది గుండీ పెట్టుకోవడం. మే నెల, పట్టపగలు. దుకాణంలో కరెంటు లేదు. బనీను ఒంటికి అంటుకుపోయి రెండో చర్మంలా ఉంది. అయినా చెయ్యి దానంతటదే పైకి పోయింది. పక్కనున్న మందుల షాపాయన, "ఏమయింది సేటు, గొంతు నొస్తుందా?" అన్నాడు. గొంతుకేమీ కాలేదు. ఆ మనిషి చూపు ఎటునుంచి పడుతుందో బతికున్నప్పుడే తెలిసేది కాదు. ఇప్పుడైతే ఏకంగా పైనుంచే పడుతుంది.

ఉపదేశి అంటే మా ఆర్మూరు కథోలిక చర్చిలో ఫాదర్ తరువాతి మనిషి. పిల్లలకు జపాలు నేర్పుతాడు, గంట కొడతాడు, ఫాదర్ ఊళ్లో లేనప్పుడు ప్రార్థన నడిపిస్తాడు. ఆయనకూ తల్లిదండ్రులు ఒక పేరు పెట్టే ఉంటారు. అది వాళ్లతోనే పోయింది. ఊరంతటికీ ఆయన ఉపదేశి. ఇక ఆయన అసలు ఉద్యోగం మాత్రం వేరే. చర్చి గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి మనిషినీ కాలి వేళ్ల నుంచి పాపిడి దాకా చూడడం, చూసి లోపలికి పంపాలో వద్దో తేల్చడం.

నేను చర్చి మనిషిని కాను. నా దేవుడు సిద్ధులగుట్ట మీద ఉంటాడు, నా బట్టల దుకాణం మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఉంటుంది. చర్చి అక్కడికి ఒక కేక దూరం. ఆ కేక రోజూ వినబడేది.

ముందు మా ఊరి ఎండ సంగతి చెప్పాలి. బాల్కొండ నుంచి బస్సెక్కిన కోడిగుడ్లు ఆర్మూరులో దిగేసరికి ఉడికిపోతాయని కొందరంటారు. అది అతిశయోక్తి. సగమే ఉడుకుతాయి. కాకులు నీడ కోసం ఒకదాని కింద ఒకటి ఎగురుతాయి. చివరి దానికి పైనున్న వాటి నీడంతా దొరుకుతుంది కాబట్టి కిందికి దిగడానికి పెద్ద కొట్లాట. గుట్ట రాళ్లు పగలంతా ఎండను మింగి, పొద్దుగూకాక తీరిగ్గా నెమరువేస్తాయి. ఇలాంటి ఊళ్లో ఉపదేశి వేషం: తెల్ల పంచె, తెల్ల పొడుగు చేతుల చొక్కా, మెడ దగ్గర గుండీ, మణికట్ల దగ్గర గుండీలు. ఆ చొక్కాకు గంజి ఎంత పెట్టించేవాడంటే, దారిలో ఎవరైనా పిలిస్తే ఆయన ఆగేవాడు గానీ చొక్కా ఇంకో రెండడుగులు వేసి ఆగేది.

"ఇంత ఎండలో ఎట్లా ఉపదేశీ?" అని అడిగితే ఒకటే జవాబు.

"ఎండ నాకొక్కనికే కొడుతుందా సేటు? ఎండకు అంగి ఇప్పినోడు చలికి గుడిల మంట పెడతనంటడు."

ఆడవాళ్లకు కొంగు తలమీదికి రావాలి, జాకెట్ చేతులు మోచేతి దాకా ఉండాలి. మగవాళ్లకు లుంగీ పనికిరాదు, నెత్తికి తువ్వాల పనికిరాదు. రెండువేల సంవత్సరం దాటాక మా ఊళ్లో ఆడవాళ్ల మీదికి నైటీలు దండెత్తాయి. నైటీ వేసి, భుజాన ఒక తువ్వాల పడేస్తే కూరగాయల మార్కెట్ నుంచి తహసీలు ఆఫీసు దాకా ఎక్కడికైనా పోవచ్చునని ఊరు తీర్మానించుకుంది. ఒక ఆదివారం ఒకావిడ అలాగే చర్చికీ వచ్చింది.

"అమ్మా, గిది పండుకునేటప్పుడు ఏసుకునేది గద? పూజల పండుకుందామని వచ్చినవా?" అన్నాడు ఉపదేశి.

"ఫాదర్ ప్రసంగం మొదలువెడితె అందరు పండుకునేటోళ్లే గద. నేను జర తయారై వచ్చిన," అందావిడ.

ఆవిడ ఇంటికి పోయి చీర కట్టుకుని వచ్చేదాకా ఉపదేశి గుమ్మం వదల్లేదు. అయితే ఆ మాట మాత్రం ఆయనే వచ్చి నాకు చెప్పి, గంజి పగిలేటట్టు నవ్వాడు.

ఇంకోసారి దుబాయి నుంచి వచ్చిన కుర్రవాడిని చెయ్యి పట్టుకుని నా దుకాణానికే తెచ్చాడు. వాడి బనీను నిండా ఇంగ్లీషు అక్షరాలు.

"సేటు, గీని రొమ్ము మీద ఏం రాసున్నదో సదువు."

చదివాను. "ఏం లేదు ఉపదేశీ, టైర్ల కంపెనీ."

"టైర్లా! దేవునికి మోటరున్నదా? తిప్పేసుకో బిడ్డా."

"అరె, నీకు ఇంగ్లీషు రాదు, వాడికీ రాదు, ఇక నష్టం ఎవరికి?" అన్నాను.

ఉపదేశి వేలు పైకెత్తాడు. "ఆయనకొస్తది గద."

కుర్రవాడు నా దుకాణంలోనే బనీను తిరగేసుకుని, కుట్లు బయటికి పెట్టుకుని పూజకు పోయాడు.

నా వంతూ వచ్చింది. నా దుకాణం అరుగు మీద మిషను పెట్టుకున్న దర్జీ కూతురి పెళ్లి. మండే ఎండాకాలం. ఉన్న వాటిలో ఖరీదైన పొట్టి చేతుల చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని చర్చికి వెళ్లాను. గుమ్మంలో ఆగమన్నాడు.

"సేటు, చేతులేవి?"

రెండు చేతులూ ముందుకు చాపి చూపించాను.

"దేవుడిచ్చినయ్ కాదు. దర్జీ ఇచ్చేటియి."

నేను గొణిగేలోపలే తలుపు వెనక నుంచి ఒక గుడ్డ సంచి తీశాడు. దాని నిండా చేతులు. ఒట్టి చొక్కా చేతులు. రెండు చివర్లా ఎలాస్టిక్, భుజం దాకా లాక్కుంటే సరి. గుడ్డ ఎక్కడిదనుకున్నారు? నా దుకాణంలోని తుండుముక్కలే. "పిల్లలకు గావాలె సేటు" అని పట్టుకుపోతే, పాపం పలకలు తుడుచుకోవడానికి కాబోలు అనుకున్నాను. కుట్టింది నా అరుగు మీది దర్జీయే. నా ఎడమ చేతికి తెల్ల పాప్లిన్ వచ్చింది. కుడి చేతికి ఎవరికి చూపించినా మొహం తిప్పుకునే ఎర్రచారల గుడ్డ వచ్చింది. దాన్ని ఎలా వదిలించుకోవాలా అని నేను తల పట్టుకున్న గుడ్డ అది, చివరికి నాకే అంటగట్టబడింది. ఆ పెళ్లి వీడియోలో వధూవరుల నెత్తిన పూలు చల్లుతూ ఒక చారల చెయ్యి ఇప్పటికీ కనిపిస్తుంది. మొహం పడలేదు, దేవుడు కాపాడాడు.

పెళ్లి అయ్యాక చేతులు తిరిగి ఇస్తూ అడిగాను. "ఎందుకింత పట్టుదల? దేవుడు గుండీలు లెక్కపెడతాడా?"

ఎప్పటిలా తిప్పికొడతాడనుకున్నాను. చేతులను మడిచి సంచిలో పెట్టుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"మా నాయిన దొర గడీ ముంగటికెళ్లి పోవాలంటె అంగి ఇప్పి సంకల వెట్టుకోని పోవాలె సేటు. నేను కండ్లార సూసిన. గందుకే పెద్దోని ముంగట నిలవడ్డప్పుడు నేనొక్క గుండీ గూడ ఇప్ప. ఎవ్వల ఇప్పనియ్య."

ఆ తరువాత నేను ఆయనతో గుండీల గురించి వాదించలేదు. కానీ ఆయనతో వాదించే మనిషి ఆయన ఇంట్లోనే ఉంది.

ఉపదేశి భార్యను నేను అక్కా అనేవాణ్ణి. పసుపు పని చేసేది. కొమ్ములు ఏరడం, చెరగడం, పాలిష్ డ్రమ్ముల దగ్గర దుమ్ములో నిలబడడం. మా పసుపు సంగతి తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను: ఆ పని చేసేవాళ్లకు చలికాలం చివరి నుంచి ఎండలు ముదిరేదాకా పసుపు ఒంటి మీద ఉండదు, ఒంట్లో ఉంటుంది. సబ్బు అరిగిపోయేటట్టు రుద్ది స్నానం చేసినా, ఎండలో రెండు వీధులు నడిస్తే చెమట పచ్చగా దిగుతుంది. మెడ దగ్గర, చంకల దగ్గర, వీపు మీద జాకెట్ తడిసిన మేరకల్లా పసుపు. వాళ్లు ఏడిస్తే కన్నీళ్లు కూడా పచ్చగానే వస్తాయని నా అనుమానం, అక్క ఏడవగా చూడలేదు కాబట్టి రుజువు లేదు.

ఇక్కడే వచ్చింది చిక్కు. చర్చివాళ్లు ఉపవాస కాలంలోనూ పండుగలకూ తెల్లబట్టలే కట్టాలన్నది ఉపదేశి రూలు. తెల్లబట్ట మీద మరక ఉంటే లోపలికి రాకూడదన్నది దాని తోక. పెళ్లయిన కొత్తలో ఆ తోకకు మొదట దొరికింది సొంత భార్యే. ఇంటి మనిషిని వదిలేస్తే ఊరు ఊరుకోదని, ఆమెను బయట రేకుల పంచన కూర్చోమన్నాడు. ఆమెను చూసి పసుపు పని చేసే తక్కిన ఆడవాళ్లూ తమంతట తామే అక్కడ చేరారు. అప్పటినుంచి పసుపు కాలమంతా చర్చిలో సగం మంది ఆడవాళ్లు రేకుల కింద కూర్చుని, కిటికీలోంచి వచ్చినంత పూజ విని పోయేవారు. ఉపవాస కాలమూ, ఈస్టరూ వచ్చేది సరిగ్గా అప్పుడే.

ఒక ఏడాది మే నెలలో బిషప్ వస్తున్నాడన్నారు. పెద్ద పిల్లలకు భద్రమైన అభ్యంగనం ఇవ్వడానికి. అంటే తైలం రాసి విశ్వాసంలో గట్టిపరిచే సంస్కారం. చర్చి అంతా హడావిడి. భార్యకు చీర కొనడానికి ఉపదేశి ఆమెను దుకాణానికి తీసుకువచ్చాడు. నేను తెల్ల చీరలు పరిచాను.

"తమ్మీ, అన్నీ మలిచిపెట్టు," అంది అక్క. "కొంటె ఏడ కూసోవాల్నో ముందుగాల గీయనను చెప్పమను."

ఉపదేశి చీర అంచు పరీక్షగా చూస్తున్నాడు. "ఏడేంది? ఎప్పుడు కూసునే కాడనే. రేకుల కింద నీడ ఉంటది గద."

"నీడనా! రొట్టె ఏస్తె కాలుతది ఆడ." అక్క నా వైపు తిరిగింది. "తమ్మీ, పెండ్లయిన కాంచి నేను ఒక్క ఈస్టర్ పూజ లోపల కూసోని సూడలే. గీయన గంట కొడితె మోకాళ్ల మీద పడ్డ, గోడకు దండం వెట్టిన. ఫాదర్‌ల మొకాలు నాకు ఎర్కలే, గోడ మొకమే ఎర్క. ఇప్పుడు బిషప్ వచ్చినా గోడకే మొక్కాలంటె, ఇగ రాను. గీ పండుగకే గాదు, ఎన్నటికి రాను. నా ఇంట్ల నేను మొక్కుకుంట. నీ తెల్ల రూలును నువ్వే ముంగట కూసోవెట్టుకో."

చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయింది. చీరలు అలాగే పరిచి ఉన్నాయి. ఉపదేశి స్టూలు మీద కూర్చున్నాడు. చొక్కా గంజి మొదటిసారి ముడత పడడం చూశాను.

"ఊకెనే అన్నది లే," అన్నాను.

"అది ఊకెనే అనది సేటు. ఉప్పు తక్కువైందని ఒకసారి అన్న. ఆర్నెల్లు నాతోని ఉప్పేయించింది."

తలెత్తకుండానే అన్నాడు. "ఇంట్ల జపం సగం నేను చెప్త, సగం అది చెప్తది. అది గుడికి రానన్నంక, పదిమంది ముంగట నేను ఒక్కన్నే ఏం నోరు వెట్టుకోని చెప్తనే?"

అప్పుడే రోడ్డు మీద పసుపు బస్తాల బండి పోతోంది. దాని మీద కూర్చున్న హమాలీ తల నుంచి కాళ్ల దాకా పచ్చగా ఉన్నాడు. ఉపదేశి వాణ్ణి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి నిలబడ్డాడు.

"సేటు! గానికి మరక పడిందా?"

"ఎక్కడ పడ్డా కనబడదు కదా, ఒళ్లంతా పసుపే."

"గదే!"

నా భుజం మీద ఒక దెబ్బ వేసి, అక్క వద్దన్న తెల్ల చీరనే చంకన పెట్టుకుని పరుగెత్తాడు.

ఆయనకు తట్టింది ఇదీ. తెల్లబట్ట మీద పసుపు కనబడుతుంది, పసుపు బట్ట మీద పసుపు కనబడదు. కాబట్టి పండుగకు అందరూ తెల్లబట్టలను పసుపు నీళ్లలో ముంచి ఆరేసుకోవాలి. ఆదివారం ప్రార్థన తరువాత హుకుం జారీ అయింది. మా ఊళ్లో పసుపుకు కరువా! ఆ వారం క్రైస్తవ వాడల్లో దండేలన్నీ పచ్చబడ్డాయి. తక్కిన ఊరు ఇదేదో కొత్త దీక్ష అనుకుంది. భీమ్‌గల్ బస్సు దిగిన ఒక పెద్దమనిషి, మాల ఎన్ని రోజులు వేసుకోవాలో కూడా అడిగాడట.

ఫాదర్ ఏమో కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాయన, బిషప్ పనుల మీద నిజామాబాదుకూ ఇక్కడికీ తిరుగుతున్నాడు. "అందరు ఒక్కతీరు బట్టలేసుకుంటరు ఫాదర్," అని మాత్రం ఉపదేశి చెప్పాడు. ఫాదర్ ఎంతో సంతోషించి, తన వంతుగా చర్చి లోపలి గోడలకు సున్నం వేయించమన్నాడు. పండుగ ముందురోజు సాయంత్రానికి గోడలు పాలరాతిలా మెరిశాయి. జిగురు కలపడం ఎవరికీ గుర్తులేదు. ముట్టుకుంటే సున్నం చేతికొచ్చేది. ముట్టుకోవద్దని ఉపదేశి అందరికీ చెప్పాడు. ఆనుకోవద్దని చెప్పలేదు.

నన్నూ పిలిచారు. నేను జాగ్రత్తపడి, కొత్తగా తెల్ల పొడుగు చేతుల చొక్కా కుట్టించుకున్నాను. బయటివాణ్ణి కాబట్టి పసుపు నీళ్ల నుంచి మినహాయింపు దొరికింది. ఉపదేశి మాత్రం తన చొక్కా కూడా ముంచాడు. గంజీ పసుపూ కలిసి ఆ చొక్కా ఇత్తడి బిందెలా తళతళలాడుతోంది.

బిషప్ కారు వచ్చింది. తలుపు తీసి ఒక కాలు కింద పెట్టిన బిషప్, రెండు వరుసల్లో నిలబడ్డ పచ్చటి జనాన్ని చూసి, కాలు మళ్లీ లోపలికి తీసుకున్నాడు. తప్పు చిరునామాకు వచ్చామేమోనని డ్రైవర్‌ని అడిగినట్టున్నాడు. ఫాదర్ మొహంలో రక్తం లేదు.

"ఉపదేశి గారూ, ఏంటండీ ఇది?"

"ఒక్కతీరు బట్టలన్న గద ఫాదర్. సూడుండ్రి, ఒక్కతీరే లేవా?"

కాదనడానికి లేదు. పూజ మొదలైంది. లోపల బెంచీలు లేవు, చాపలు. కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు. రేకుల కింద ఆ రోజు ఎవరూ లేరు. అక్క అందరికన్నా ముందు, ఎడమ గోడ పక్కన కూర్చుంది. కొంగు తలమీద వేసుకుని, మెడ నిక్కించి, పీఠం వైపు రెప్ప వేయకుండా చూస్తోంది. వెనక తలుపు దగ్గర కుర్చీలో నేను. నా పక్కన, గుమ్మంలో, నిలబడి ఉపదేశి. ఆమె లోపల కూర్చుందో లేదో అని ఆయన ఎన్నిసార్లు తొంగిచూశాడో, చొక్కా చప్పుడును బట్టి నాకు తెలుస్తూనే ఉంది.

బిషప్ నోరు తెరవగానే కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. రెండు నిమిషాల్లో ఆ చర్చి పసుపు ఉడకబెట్టే కడాయి అయింది. చెమట కాలువలు కట్టింది. ముసలివాళ్లూ, పొద్దున్నుంచి వంటలు చేసి అలసిన ఆడవాళ్లూ, చల్లగా ఉందికదా అని ఒక్కొక్కరే గోడకు చేరగిలబడ్డారు. అక్క కూడా ఆనుకుంది. గోడకు చోటు దొరకనివాళ్లు, ఆనుకుని లేచినవాళ్ల చోట్లో ఆనుకున్నారు. మగవాళ్ల వైపూ అంతే.

సువిశేషం చదవడానికి అందరినీ లేవమన్నారు. అందరూ లేచారు.

వెనక కూర్చున్న నాకే ముందు కనబడింది. పచ్చటి వీపు ఒక్కటీ లేదు. అన్నీ ఎర్రటి వీపులు. గోడ మీద చూస్తే, మనుషులు వదిలిపోయిన నీడల్లాగా వరుసగా ఎర్రటి మచ్చలు. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని పెళ్లిళ్లలో కాళ్లకు పారాణి పూసుకునే ప్రతి ఇంటికీ తెలుసు. పసుపు మీదే బతికే ఊరు మాది. ఒక్క బుర్రకూ తట్టలేదు, నా బుర్రతో సహా.

"ఓ వదినా, నీ ఈపుకేమయిందే?" అని ఒక గొంతు.

"నా ఈపుకేమయింది? నీ ఈపు సూస్కో!"

"నా ఈపు నేనెట్ల సూస్కుంటనే!"

ఆ దెబ్బతో అందరూ వెనక్కి తిరిగి ఒకరి వీపు ఒకరు చూసుకోవడం, కెవ్వుమనడం. బిషప్ పుస్తకం మూశాడు. ఈ సంస్కారానికి ఎర్రటి పూజవస్త్రాలు వేసుకోవడం వాళ్ల పద్ధతి. ఆయన జనం వీపులు చూసి, తన ఎర్రటి వస్త్రం చూసుకుని, ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ ఉపదేశి వైపు చూశాడు. ఉపదేశి ఎవరి వైపూ చూడలేక గోడ వైపు చూశాడు. అక్కడ ఇంకా ఘోరంగా ఉంది.

అప్పుడు అక్క ముందుకొచ్చి నిలబడింది. అందరికన్నా ఎర్రగా ఆమె వీపే ఉంది.

"ఉపదేశీ," అంది, ఇంట్లో పిలిచే పిలుపు కాకుండా ఊరు పిలిచే పిలుపుతో. "మరక వడ్డోళ్లు లోపలుండొద్దని రూలు నీదే గద. ఇప్పుడు చెప్పు. ఎవలెవలు బయటికి పోవాలె?"

ఉపదేశి తల తిప్పి చూశాడు. ఒక కొసనుంచి ఇంకో కొసదాకా చూశాడు. రూలు ప్రకారం ఆ చర్చిలో ఉండదగిన జనం ఇద్దరే తేలారు. నిలబడే ఉన్నాడు కాబట్టి గోడ తగలని ఉపదేశి ఒకడు. తెల్లచొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్న, సిద్ధులగుట్ట దేవుణ్ణి మొక్కే నేను రెండోవాణ్ణి. ఆయన నా వైపు చూసిన చూపుకు, నేనే లేచి బయటికి పోదామనుకున్నాను.

బిషప్ నవ్వు ఆపుకుంటున్నాడో కోపం ఆపుకుంటున్నాడో తెలియలేదు. "ఉపదేశి గారూ," అన్నాడు మెల్లగా. "గుమ్మం మీది. మీరు చెబితే గానీ నేను పూజ సాగించను."

అక్క కళ్లు ఆయన మీదే ఉన్నాయి. బయటికి పొమ్మంటే ఆమె పోతుంది. పోతే మళ్లీ రాదు. అది ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసు, దుకాణంలో ఉన్నాను కాబట్టి నాకూ తెలుసు.

ఉపదేశి గుమ్మం వదిలాడు. మగవాళ్ల వైపు కాదు, ఆడవాళ్ల వైపు నడిచాడు. చాపల మధ్య నుంచి, నిలబడ్డ ఆడవాళ్లు పక్కకు తప్పుకుంటుంటే, ఎడమ గోడ దాకా పోయాడు. పూజ జరుగుతుండగా ఆయన కూర్చోవడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. పంచె సర్దుకుని భార్య కూర్చున్న చోట చాప మీద కూర్చున్నాడు. కూర్చుని, ఆ ఇత్తడి చొక్కా వీపును తీసుకుపోయి సున్నపు గోడకు గట్టిగా, తనివితీరా ఆనించాడు.

"కానియ్యుండ్రి అయ్యగారు," అన్నాడు.

అక్క ఒక క్షణం అలాగే చూసింది. తరువాత కొంగు తలమీదికి లాక్కుని వచ్చి ఆయన పక్కనే కూలబడింది. అంత నిశ్శబ్దంలో ఆమె చెప్పింది తలుపు దగ్గరున్న నాకు కూడా స్పష్టంగా వినబడింది.

"జర అవుతలికి జరుగు. మస్తు ఉక్కవోస్తున్నది."